ఇరవై వేలల్లో ఫోన్: పెద్ద కంపెనీ చిన్న మోడలా, మన కంపెనీ పెద్ద మోడలా?

నమస్తే అందరికీ. ఇంట్రోలూ మ్యూజిక్కులూ పక్కన పెట్టి నేరుగా విషయంలోకి పోదాం, ఈ రోజు మాట్లాడాల్సింది చాలా ఉంది. మా పిన్ని కొడుకు ఒకడు కూకట్‌పల్లిలో ఉంటాడు, బైక్ మీద ఊరంతా తిరిగే సేల్స్ ఉద్యోగం. వాడు అడిగిన ప్రశ్నే ఈ వీడియో. "అన్నా, తలా ఇరవై వేలు అనుకున్నా, రెండు ఫోన్లు కావాలి, ఒకటి నాకు, ఒకటి నాన్నకి. షాపులోవాళ్లు సామ్‌సంగ్ ఏ16 5జీ తీసుకో అంటున్నారు, యూట్యూబ్‌లో చూస్తే అందరూ లావా అగ్ని 3 అంటున్నారు. ఏది తీసుకోను?" మా బాబాయి ఉండేది సూర్యాపేటలో, అది కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ముందు రేట్లు చూద్దాం. రెండూ 2024 అక్టోబర్‌లోనే వచ్చాయి. ఏ16 5జీ 8 జీబీ ర్యామ్, 128 జీబీ మోడల్ మొదటి ధర 18,999 రూపాయలు. అగ్ని 3 అదే 8, 128కి 20,999, కానీ ఆగండి, అది ఛార్జర్ లేకుండా. 66 వాట్ల ఛార్జర్ బాక్సులో కావాలంటే 22,999. సామ్‌సంగ్‌లో అయితే ఛార్జర్‌తో మోడలే లేదు, కేబుల్ ఇచ్చి దండం పెడతారు, ఇంట్లో పాతది ఉంటే సరే, లేదంటే 25 వాట్ల ఛార్జర్‌కి ఇంకో వెయ్యి పైమాటే. ఇవి మొదటి ధరలు, ఆఫర్లూ బ్యాంక్ కార్డూ బట్టి రోజుకో రేటు ఉంటుంది. మొదటి ధరల లెక్కన రెండింటికీ మధ్య తేడా రెండు వేలు, మూడు వేలు, అంతే. ఆ తేడాకి ఏం వస్తోంది, ఏం పోతోంది అన్నదే లెక్క.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. సామ్‌సంగ్‌కి ఏ16 అంటే లైన్లో కింది మెట్లలో ఒకటి. పైన ఏ26 ఉంది, ఏ36 ఉంది, ఆపైన ఎస్ సిరీస్, మడతపెట్టే ఫోన్లు ఉన్నాయి. ఏ16లో మంచి ప్రాసెసర్ పెట్టారనుకోండి, ఏ26 ఎవడు కొంటాడు? అందుకే వాళ్లకి చేతకాక కాదు, కావాలనే కొన్ని ఆపుతారు. స్పీకర్ ఒకటే ఉంటుంది, స్క్రీన్ 90 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి 90 సార్లు బొమ్మ మారే దగ్గర ఆగుతుంది, కెమెరాకి ఓఐఎస్, అంటే చెయ్యి వణికినా ఫోటో చెదరకుండా లెన్స్‌ని సర్దే ఏర్పాటు, ఉండదు. లావా పరిస్థితి పూర్తిగా వేరు, వాళ్లకి అగ్ని పైన అమ్ముకోవడానికి ఇంకోటి లేదు. దాచిపెట్టుకోవడానికి ఏమీ లేదు కాబట్టి ఉన్నదంతా అందులోనే కుమ్మరిస్తారు. స్పెక్స్ పేపర్ మీద అగ్ని గెలవడానికి కారణం ఇదే, ఇందులో మ్యాజిక్ ఏం లేదు, దేశభక్తి కూడా లేదు.

సరే, రెండూ నా చేతుల్లో ఉన్నాయి, చూద్దాం. ఏ16లో ఉన్న ప్రాసెసర్ మీడియాటెక్ డైమెన్సిటీ 6300, అగ్నిలో ఉన్నది డైమెన్సిటీ 7300ఎక్స్. నంబర్లు వదిలేయండి, లోపల ఏముందో చెప్తాను: 6300లో గట్టిగా పనిచేసే పెద్ద కోర్లు రెండు, అవి కూడా పాత తరం కార్టెక్స్ ఏ76. 7300ఎక్స్‌లో పెద్ద కోర్లు నాలుగు, కార్టెక్స్ ఏ78. అగ్నిలో స్టోరేజ్ యూఎఫ్‌ఎస్ 3.1, అంటే యాప్ ఓపెన్ అవడం, అప్‌డేట్లు ఎక్కడం, గ్యాలరీలో పాత ఫోటోలు తిరగేయడం, ఇవన్నీ చకచకా అవుతాయి. ఇది ఎక్కడ తెలుస్తుందంటే గేముల్లో కంటే ముందు కిరాణా కొట్టు దగ్గర తెలుస్తుంది. మ్యాప్స్ నడుస్తోంది, బ్లూటూత్‌లో పాట నడుస్తోంది, వెనక ఇద్దరు నిలబడి ఉన్నారు, యూపీఐ యాప్ తెరిచి స్కానర్ వచ్చేదాకా పట్టే ఆ రెండు మూడు సెకన్లు. కొత్తలో రెండు ఫోన్లూ బాగానే ఉంటాయి, ఏడాదిన్నర పోయి స్టోరేజ్ ముప్పాతిక నిండాక చూడండి, అప్పుడు తెలుస్తుంది తేడా. ఈ విషయంలో అగ్నిదే పైచేయి, సందేహం లేదు. అయితే ఏ16లో మెమరీ కార్డ్ పడుతుంది, అగ్నిలో పట్టదు. పెళ్లిళ్ల వీడియోలన్నీ ఫోన్లోనే దాచుకునే మా బాబాయి లాంటివాళ్లకి అది చిన్న విషయం కాదు.

ఇక అగ్ని వెనకాల ఉన్న ఈ బుల్లి స్క్రీన్. 1.74 అంగుళాల అమోలెడ్, కెమెరా పక్కన. టైమ్ చూపిస్తుంది, కాల్ వస్తే పేరు చూపిస్తుంది, పాట మార్చుకోవచ్చు, అన్నిటికంటే పనికొచ్చేది ఏంటంటే వెనక ఉన్న మెయిన్ కెమెరాతో సెల్ఫీ తీసుకునేటప్పుడు మన మొహం మనకి కనిపిస్తుంది. ఇలాంటిది 2021లో షావోమీ వాళ్లు మి 11 అల్ట్రాలో పెట్టారు, అది 70 వేల ఫోన్. ఇరవై వేల ఫోన్‌లో ఇది చూస్తే ముచ్చటగానే ఉంటుంది. నా మటుకు నాకు ఇది మొదటి వారం సరదా, ఆ తర్వాత ఫోన్‌కి పౌచ్ వేస్తాం, టేబుల్ మీద వెల్లకిలా పెడతాం, ఇక అది చూసేది ఎవరు? పైగా పగలడానికి ఇంకో అద్దం. ముందు ఒకటి, వెనక ఒకటి.

ముందున్నది కర్వ్ డిస్‌ప్లే, అంచులు ఇలా వంగి ఉంటాయి. చూడటానికి నలభై వేల ఫోన్‌లా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ కర్వ్‌కి మామూలు టెంపర్ గ్లాస్ అతకదు, యూవీ టెంపర్ వేయించాలి. అంటే స్క్రీన్ మీద జిగురు పోసి, పైన గ్లాస్ పెట్టి, చిన్న లైట్ కింద ఎండబెడతారు. వేసేవాడు తొందరపడితే ఆ జిగురు పైనున్న ఇయర్‌పీస్ సందులోకో, పక్క బటన్లలోకో దిగుతుంది. ఆ తర్వాత కాల్‌లో అవతలి మనిషి గొంతు బావిలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. షాపులో స్పీకర్ రంధ్రాల మీద టేప్ వేసి కూర్చుంటే చేయించండి, టేప్ వేయకుండా నేరుగా జిగురు సీసా ఎత్తితే ఫోన్ తీసుకుని బయటికి వచ్చేయండి.

కెమెరా దగ్గర కూడా కాగితం మీద అగ్నిదే. 50 మెగాపిక్సెల్ మెయిన్ కెమెరాకి ఓఐఎస్ ఉంది, మూడింతలు దగ్గరకి లాగే టెలి ఉంది, వైడ్ ఉంది. ఏ16లో కూడా 50 మెగాపిక్సెల్ మెయిన్ ఉంది, ఓఐఎస్ లేదు, 5 మెగాపిక్సెల్ వైడ్, ఇంకా ఆ 2 మెగాపిక్సెల్ మ్యాక్రో, అది ఎందుకు పెడతారో పెట్టేవాళ్లకే తెలియాలి. రాత్రిపూట ట్యాంక్‌బండ్ మీద, చార్మినార్ దగ్గర లైట్లు వెలిగాక తీస్తే చెయ్యి వణికినా ఓఐఎస్ ఉన్నదాంట్లో ఫోటో నిలబడుతుంది.

కానీ మావాడి ఉద్యోగం బైక్ మీద, హ్యాండిల్‌కి హోల్డర్ బిగించి పొద్దున్నుంచి సాయంత్రం దాకా మ్యాప్స్. ఓఐఎస్ అంటే లెన్స్ లోపల ఒక సన్నటి యంత్రం మీద కదులుతూ ఉంటుంది. ఇంజన్ వణుకు గంటల తరబడి నేరుగా తగిలితే అది పాడవ్వొచ్చు. యాపిల్ కంపెనీయే 2021 సెప్టెంబర్‌లో దీని గురించి హెచ్చరిక పెట్టింది, శక్తివంతమైన ఇంజన్ ఉన్న మోటార్‌సైకిల్‌కి ఐఫోన్‌ని బిగించొద్దని. లక్ష రూపాయల ఫోన్‌కే ఆ సంగతి ఉంటే ఇరవై వేలదాని గురించి చెప్పేదేముంది. అందుకే రోజంతా బైక్ మీద ఉండేవాళ్లు ఓఐఎస్ ఫోన్ కొంటే వణుకుని తగ్గించే డ్యాంపర్ ఉన్న హోల్డర్ తీసుకోండి, లేదంటే ఇయర్‌ఫోన్ ఒక చెవిలో పెట్టుకుని ఫోన్ జేబులో వేసుకోండి. మే నెలలో హ్యాండిల్ మీద ఎండకి మాడే ఫోన్ ఎలాగూ వేడెక్కి స్క్రీన్ డల్ అవుతుంది, ఛార్జింగ్ కూడా నెమ్మదిస్తుంది, కాబట్టి జేబే మంచిది.

ఇప్పుడు అసలు గొడవకి వద్దాం. "మన ఫోన్", "బయటి ఫోన్". లావా నోయిడా కంపెనీ, 2009లో మొదలైంది, ఫ్యాక్టరీ నోయిడాలోనే. మరి సామ్‌సంగ్ ఇండియాలో అమ్మే ఫోన్లు ఎక్కడ తయారవుతాయి? అదే నోయిడాలో. 2018 జులైలో ప్రధాని మోదీ, అప్పటి దక్షిణ కొరియా అధ్యక్షుడు మూన్ జే ఇన్ ఇద్దరూ కలిసి అక్కడ పెద్ద ఫ్యాక్టరీ ప్రారంభించారు. రెండు ఫోన్లలోనూ చిప్ తైవాన్ కంపెనీది, ఆండ్రాయిడ్ గూగుల్‌ది. ఇంకా దగ్గరికి రండి: షావోమీ ఇండియాలో తయారుచేసిన మొదటి ఫోన్ రెడ్‌మీ 2 ప్రైమ్, 2015 ఆగస్టులో, ఎక్కడ? మన శ్రీసిటీలో, వేరే కంపెనీల కోసం ఫోన్లు తయారుచేసి ఇచ్చే ఫాక్స్‌కాన్ వాళ్ల లైన్ మీద. వన్‌ప్లస్‌కి 2019 నుంచి హైదరాబాద్‌లోనే ఆర్ అండ్ డీ సెంటర్ ఉంది, ఒప్పోకి కూడా ఉంది. అంటే చైనా ఫోన్ అని మనం తిట్టుకునే దానికి పని చేసేది గచ్చిబౌలి బస్సులో మన పక్కన కూర్చున్న కుర్రాడు అయ్యుండొచ్చు. లావా కొంటే లాభం ఇక్కడి కంపెనీకి పోతుంది, అది నిజం, ఆ కారణంతో కొంటానంటే నేను కాదనను. కానీ ఫోన్ మొత్తం ఇక్కడే పుట్టింది అనుకుని మాత్రం కొనకండి.

మన హైదరాబాద్‌కి కూడా ఒక సొంత ఫోన్ ఉండేది, ఇప్పటి పిల్లలకి తెలియకపోవచ్చు. సెల్‌కాన్. అది కూడా 2009లోనే మొదలైంది. 2013లో వెస్టిండీస్‌లో ముక్కోణపు సిరీస్ జరిగింది గుర్తుందా, ఫైనల్లో శ్రీలంక మీద ఆఖరి ఓవర్లో పదిహేను కావాలి, ధోనీ ఒక్కడే నిలబడి కొట్టేశాడు, ఒక్క వికెట్ చేతిలో. ఆ టోర్నీ పేరే సెల్‌కాన్ మొబైల్ కప్. మన ఊరి ఫోన్ కంపెనీ పేరు మీద పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ధోనీ కప్పు ఎత్తాడు, అదీ అప్పటి ఊపు. 2015లో మేడ్చల్‌లో ఫ్యాక్టరీ కూడా పెట్టారు. అప్పట్లో మైక్రోమ్యాక్స్, ఇంటెక్స్, లావా, కార్బన్, ఈ నాలుగింటి మొదటి ఇంగ్లిష్ అక్షరాలు కలిపి "మిల్క్" బ్రాండ్లు అనేవాళ్లు, మైక్రోమ్యాక్స్ అయితే హాలీవుడ్ హీరో హ్యూ జాక్‌మన్‌తో యాడ్ చేయించింది.

మరి ఏమైపోయారు వీళ్లంతా? 2014 జులైలో షావోమీ మి 3తో ఫ్లిప్‌కార్ట్‌లోకి దిగింది, షాపు కమీషన్లు లేకుండా తక్కువ రేటుకి మంచి ఫోన్. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చింది, అది 4జీ తప్ప ఇంకేమీ లేని నెట్‌వర్క్, కాల్ మాట్లాడాలన్నా వోల్టీ, అంటే 4జీ మీదే కాల్ వెళ్లే ఏర్పాటు కావాలి, అప్పటికి మనవాళ్ల గోడౌన్లలో ఉన్నవి ఎక్కువగా 3జీ ఫోన్లు. రెండు నెలలకి నోట్ల రద్దు, షాపుల్లో నగదు మీద నడిచే బేరాలు ఆగిపోయాయి. ఇవన్నీ పైకి కనిపించే కారణాలు. అసలు జబ్బు ఏంటంటే అప్పట్లో వాటిలో చాలా ఫోన్లు చైనాలో రెడీగా ఉన్న డిజైన్ తెచ్చి మన పేరు వేసి అమ్మినవే. ఫోన్ అమ్మాక దాని సాఫ్ట్‌వేర్‌ని పట్టించుకునే టీమ్ లేదు, అప్‌డేట్ అన్న మాట లేదు. ఫోన్లు కొన్న జనం ఒకసారి చూశారు, రెండోసారి వేరే బ్రాండ్‌కి పోయారు. లావాని మెచ్చుకోవాల్సింది ఇక్కడే, ఆ గుంపులోంచి మిగిలి, 2021 నవంబర్‌లో మొదటి అగ్నితో మళ్లీ వచ్చి, ప్రతి అగ్నికీ కాస్త కాస్త మెరుగుపడుతూ వచ్చింది. కానీ జనం మనసులో ఆ పాత అనుమానం ఇంకా పోలేదు, పోకపోవడంలో తప్పు కూడా లేదు.

ఆ అనుమానం తీర్చుకోవాలంటే నా దగ్గర ఒక పద్ధతి ఉంది: కొనే ముందు ఒకసారి ఆబిడ్స్ పోండి. జగదీశ్ మార్కెట్‌లో ఫోన్ కొనడానికి కాదు, రిపేర్ కౌంటర్ల దగ్గర నిలబడటానికి. మీరు కొనాలనుకుంటున్న మోడల్‌కి "అన్నా, కాంబో ఉందా, ఎంత?" అని అడగండి. కాంబో అంటే డిస్‌ప్లే, టచ్ కలిసి వచ్చే ముక్క, కొందరు ఫోల్డర్ అంటారు. బాగా అమ్ముడైన మోడల్ అయితే ఆయన తల కూడా ఎత్తడు, చేయి వెనక్కి పెట్టి కవర్ల కట్టలోంచి ఒకటి లాగుతాడు, "ఒరిజినల్ ఇంత, కాపీ ఇంత" అని రెండు రేట్లు చెప్తాడు. మా ఆఫీసులో ఒకాయనది అంతగా అమ్ముడుపోని మోడల్, పేరు వద్దులెండి, దానికి స్క్రీన్ పోతే నేను వెంట వెళ్లాను. మెకానిక్ ఫోన్ తిప్పి తిప్పి చూశాడు, పక్క షాపుకి ఫోన్ కొట్టాడు, "భాయ్, ఇస్‌కా కాంబో హై క్యా?" అని, తర్వాత ఇంకో షాపుకి, చివరికి "ఢిల్లీ నుంచి తెప్పించాలి సార్, అడ్వాన్స్ ఇచ్చి పోండి" అన్నాడు. ఈయన వేరే దారిలేక కాపీ స్క్రీన్ వేయించుకున్నాడు. వేడి మ్యాట్ మీద ఫోన్ పెట్టి, జిగురు మెత్తబడ్డాక ప్లాస్టిక్ కార్డుతో అంచు లేపి, పాతది ఊడదీసి కొత్తది బిగించడానికి పట్టింది అరగంట కూడా కాదు. ఆన్ చేస్తే రంగులు వెలిసిపోయి ఉన్నాయి, స్క్రీన్ మీద వేలు పెడితే తెరుచుకోవాల్సిన లాక్ తెరుచుకోలేదు. ఎందుకంటే అమోలెడ్ స్థానంలో వేసింది మామూలు ఎల్‌సీడీ కాపీ, స్క్రీన్ కింద ఉండే వేలిముద్ర సెన్సర్ దాంట్లోంచి చూడలేదు.

అగ్నిలో వేలిముద్ర స్క్రీన్ కిందే. ఏ16లో పక్క బటన్ మీద. బటన్ మీద ఉన్నది పాతకాలంగా కనిపిస్తుంది కానీ స్క్రీన్ మార్చినా దానికేం కాదు. అగ్ని సిరీస్‌కి ఇంటికే వచ్చి సర్వీస్ చేస్తామని లావా చెప్తోంది, మంచిదే, హైదరాబాద్‌లో ఇబ్బంది ఉండకపోవచ్చు. మీ ఊరి పిన్‌కోడ్‌కి ఉందో లేదో వాళ్లకే ఫోన్ చేసి కనుక్కోండి, ఆ రోజు అవుట్ ఆఫ్ వారంటీ స్క్రీన్ రేటు కూడా అడిగేయండి. ఆ రేటు ఫోన్ ధరలో సగం దాకా ఉంటే, ఇక మీ చేయి ఎంత గట్టిదో మీరే ఆలోచించుకోండి.

ఇక అప్‌డేట్లు. అగ్ని 3 ఆండ్రాయిడ్ 14తో వచ్చింది, మూడు ఆండ్రాయిడ్ వెర్షన్లు, నాలుగేళ్ల సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామన్నారు, అంటే 2028 దాకా. ఏ16 కూడా 14తోనే వచ్చింది, ఆరు వెర్షన్లు, ఆరేళ్ల సెక్యూరిటీ, 2030 దాకా. ఇరవై వేల లోపు ఫోన్‌కి ఆరేళ్లు అనేది చాలా పెద్ద మాట. "ఆరేళ్ల తర్వాత ఆ ప్రాసెసర్ ఏం లాగుతుంది అన్నా" అని మీరు అడగొచ్చు, కరెక్టే, 6300 చిప్ మీద ఆండ్రాయిడ్ 20 ఏడుస్తూ నడవొచ్చు. కానీ నేను చూసేది కొత్త ఫీచర్లు కాదు, సెక్యూరిటీ ప్యాచ్, అంటే దొంగలు దూరే కంతలు పూడ్చే చిన్న అప్‌డేట్. మన డబ్బంతా ఇప్పుడు ఫోన్లోనే ఉంది, పెన్షన్ మెసేజ్ నుంచి గ్యాస్ బుకింగ్ దాకా. పైగా పాత సాఫ్ట్‌వేర్‌ని యాప్‌లే వదిలేస్తాయి, 2025 జనవరి నుంచి ఆండ్రాయిడ్ 4.4 ఫోన్లలో వాట్సాప్ ఆగిపోయింది. ఇంకో విషయం, ఏ కంపెనీ అయినా అప్‌డేట్ ఇస్తామని చెప్పడం వేరు, ప్యాచ్ నెల నెలా రావడం వేరు. షాపులో డెమో ఫోన్ ఉంటుంది కదా, సెట్టింగ్స్‌లోకి పోయి సెక్యూరిటీ ప్యాచ్ తేదీ చూడండి, వైఫైకి కలిసి ఉండి కూడా అది ఆర్నెల్లు వెనక ఉంటే నేనైతే ఆలోచిస్తాను.

మళ్లీ అమ్మేటప్పుడు ఎంత వస్తుందన్నది కూడా చూడాలి. ఇంట్లోనే కూర్చుని చేయొచ్చు ఈ పని: ఏదైనా షాపింగ్ యాప్‌లో ఎక్స్‌చేంజ్ ఆప్షన్ నొక్కి, మీరు కొనబోయే దానికి ముందు మోడల్ పేరు కొట్టండి, ఇక్కడైతే గెలాక్సీ ఏ15, అగ్ని 2. రెండేళ్ల తర్వాత మీ ఫోన్‌కి ఎంత ఇస్తారో దాదాపుగా అక్కడే కనిపిస్తుంది. పేరున్న బ్రాండ్‌కి ఎక్కువ చూపిస్తే ఆశ్చర్యపోకండి. ఏడాదికో ఫోన్ మార్చేవాళ్లకి ఇది ముఖ్యం, ఫోన్ చచ్చేదాకా వాడేవాళ్లకి అక్కర్లేదు.

5జీ గురించి ఒక్క ముక్క. రెండూ 5జీ ఫోన్లే. కానీ ఏ ఫోన్ కొన్నా స్టాండలోన్ 5జీ, అంటే 4జీ ఆసరా లేకుండా నడిచే 5జీ, ఉందో లేదో, ఎన్28, ఎన్78 బ్యాండ్లు ఉన్నాయో లేదో చూడండి. జియో 5జీ స్టాండలోన్ మీదే నడుస్తుంది, ఎన్28 అంటే 700 మెగాహెర్ట్జ్, గోడలు దాటి లోపలికి వచ్చే సిగ్నల్ అది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, మెట్రో స్టేషన్ మెట్ల కింద ఆ బ్యాండ్ లేని ఫోన్ వెంటనే 4జీకి పడిపోతుంది.

సరే, ఏది కొనాలి? మా బాబాయికి ఏ16, ఇందులో రెండో ఆలోచన లేదు. ఆయన వాడేది వాట్సాప్, యూట్యూబ్, ఫోన్‌పే, పొద్దున్నే మనవరాలి వీడియో కాల్. 90 హెర్ట్జా 120 హెర్ట్జా అన్నది ఆయనకి జన్మలో తెలియదు. ఫోన్ కింద పడితే మా పిన్ని దాన్ని పట్టుకుని సూర్యాపేట మెయిన్ రోడ్డులో ఏ షాపుకి పోయినా స్క్రీన్ దొరకాలి, దాని కోసం హైదరాబాద్ బస్సెక్కకూడదు. ఒకసారి కొంటే ఐదేళ్లు దాని జోలికి పోడు, అందుకే ఆరేళ్ల ప్యాచ్ ఆయనకే ఎక్కువ పనికొస్తుంది. మెమరీ కార్డ్ సంగతి ముందే చెప్పాను. సెటప్ మాత్రం మీరే కూర్చుని చేయండి, మొదట్లో ఈ యాప్‌లు వేసుకోండి అని వచ్చే లిస్టులో టిక్కులన్నీ తీసేసి, అక్షరాల సైజు పెంచి, తెలియని నంబర్ల కాల్స్‌కి స్పామ్ ఫిల్టర్ ఆన్ చేసి అప్పుడు చేతికివ్వండి.

మావాడికి? వాడికి అగ్నే చెప్పాను. రోజంతా పది యాప్‌ల మధ్య తిరుగుతాడు, మధ్యాహ్నం హోటల్లో తినే ఇరవై నిమిషాల్లో ఫోన్ ఛార్జ్ అవ్వాలి, 66 వాట్లు ఆ పనికే. యాడ్స్ లేని శుభ్రమైన ఆండ్రాయిడ్ అంటే వాడికి ఇష్టం. సిటీలోనే ఉంటాడు కాబట్టి సర్వీస్ సెంటర్ దూరం కాదు, రెండేళ్లు తిరగకుండా ఎలాగూ మార్చేస్తాడు, 2028 తర్వాత ఏమవుతుందో వాడికి పట్టదు. కానీ ఒక షరతు పెట్టాను: ఛార్జర్ ఉన్న 22,999 మోడల్‌నే లెక్కలోకి తీసుకో, స్క్రీన్ ఇన్సూరెన్స్ ఉంటే మొదటి రోజే తీసుకో, కర్వ్ డిస్‌ప్లేకి అది ఖర్చు కాదు. ఈ రెండూ కలిపితే బడ్జెట్ పాతిక వేల దగ్గరికి పోతుంది, అక్కడికి వెళ్లాక వేరే ఫోన్లు కూడా కనిపిస్తాయి, అందుకే వాడు ఇంకా ఊగుతున్నాడు.

వీటి తర్వాతవి కూడా వచ్చేశాయి కదా అంటారేమో. వచ్చాయి. 2025 ఆగస్టులో వచ్చిన గెలాక్సీ ఏ17 5జీలో సామ్‌సంగ్ ఎట్టకేలకు ఓఐఎస్ పెట్టింది. 2025 నవంబర్‌లో వచ్చిన అగ్ని 4లో లావా కర్వ్ తీసేసి ఫ్లాట్ స్క్రీన్ పెట్టింది, వెనక బుల్లి స్క్రీన్ కూడా తీసేసి ఆ డబ్బు డైమెన్సిటీ 8350 ప్రాసెసర్ మీద పెట్టింది. అగ్ని 4 అయితే నేను పైన చెప్పిన టెంపర్ గొడవ ఉండదు, ప్రాసెసర్ తేడా ఇంకా పెరిగింది, రేటూ పెరిగింది. అప్‌డేట్ల లెక్క, స్పేర్ పార్టుల లెక్క మాత్రం అలాగే ఉన్నాయి.

ఇంకో మాట, ఇది మన హైదరాబాద్‌లో ఎక్కువ. దుబాయ్ నుంచో సౌదీ నుంచో మామయ్య తెచ్చే ఫోన్. "అక్కడ రేటు తక్కువ" అంటారు. అక్కడి మోడల్‌కి ఇక్కడ వారంటీ ఇస్తారన్న గ్యారంటీ లేదు, కొన్ని ఫోన్లలో మొదటిసారి అక్కడి సిమ్ వేసి కాసేపు మాట్లాడితేనే మన సిమ్ తీసుకుంటుంది. ఇచ్చేవాళ్ల ప్రేమని కాదనలేం, కానీ తేడా రెండు వేలే అయితే ఇక్కడే బిల్లుతో కొనుక్కోండి.

బిల్లు అన్నాం కాబట్టి అది కూడా చెప్పేస్తాను. కౌంటర్ మీదే సీల్ విప్పించి, ఫోన్ ఆన్ చేసి *#06# కొట్టండి, స్క్రీన్ మీద వచ్చిన ఐఎంఈఐ నంబర్ (ప్రతి ఫోన్‌కీ వేరుగా ఉండే గుర్తింపు నంబర్), బాక్స్ మీద ఉన్నది, బిల్లు మీద రాసింది, మూడూ ఒకటేనా చూసుకోండి. సెకండ్ హ్యాండ్ అయితే ఇంగ్లిష్‌లో కేవైఎం అని టైప్ చేసి, స్పేస్ ఇచ్చి, ఆ పదిహేను అంకెలు 14422కి మెసేజ్ చేయండి, అది ఏ మోడలో, బ్లాక్ అయిన ఫోనో కాదో వెంటనే వస్తుంది. ఫోన్ మీద జీఎస్‌టీ 18 శాతం, "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తా" అంటే వద్దని చెప్పండి, ఆ తర్వాత వారంటీకి పోయినా, కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా మొదట అడిగేది ఆ కాగితమే. ఆన్‌లైన్‌లో కొంటే డెలివరీ అబ్బాయి ముందే బాక్స్ విప్పుతూ మీ పాత ఫోన్‌తో వీడియో తీసుకోండి, లేబుల్ కనిపించేలా, మధ్యలో కట్ చేయకుండా.